ఈ చుక్క ఎవలు?

పోయిన నెల ఆమె చనిపోయిన మర్నాడు, మేమిద్దరం ఒకప్పుడు పనిచేసిన సంస్థ వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశం వచ్చింది. దండ వేసిన ఫొటో, దాని కింద నాలుగు లైన్లు. "మృదుస్వభావి. ఎవరినీ నొప్పించని మనిషి. సంస్థకు విధేయురాలిగా సేవలందించారు." ఆ కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు.

చదివితే ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

మృదుస్వభావి ఏమీ కాదు. ఆమె నొప్పించని మనిషి ఆ బిల్డింగులో ఒక్కరూ లేరు, నాతో సహా. విధేయత సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్నన్నాళ్ళూ గొడవ పడుతూనే బతికిన మనిషిని పోయిన ఇరవై నాలుగు గంటల్లో మెత్తగా చేసి ఫొటోలో కూర్చోబెట్టారు. అది నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఆమె పేరు రాస్తే ఇంకొందరి పేర్లూ రాయాల్సి వస్తుంది. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అక్కే.

అప్పటికి నేను ఎమ్మెస్సీ అయిపోయి, వరంగల్లో ఆ సంస్థ ప్రాజెక్టులో కొత్తగా చేరాను. మనుషుల రక్తంలోంచి తీసిన డీఎన్ఏను మిషను చదివి కోట్ల అక్షరాలుగా ఇస్తుంది. ఆ అక్షరాల్లో ఎవరికి ఎక్కడ తేడా ఉందో కంప్యూటరు మీద వెతకడం మా పని. తెల్లకోటు ఉండదు, గాజు గొట్టాలుండవు. పొద్దస్తమానం నల్లటి తెర ముందు కూర్చోవడమే. మా అమ్మకు ఈ ఉద్యోగం చివరిదాకా అర్థం కాలేదు. "రక్తం మీద పరిశోధన చేస్తదట, రక్తం ముట్టదట" అని మిర్చి చేలో కూలికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

అక్క నా పక్క టేబులు. చెప్పులు విడిచి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చునేది. డైరెక్టరు వచ్చినా ఆ కాళ్ళు కిందికి దిగేవి కావు. చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు, స్కూలు పిల్లల స్కేలు. కంప్యూటరు లెక్కలు చేసే మనిషి అన్నీ కాగితం మీద ప్రింటు తీసుకుని, వరస కింద స్కేలు పెట్టి, ఒక్కో గడీ చదివేది. నాకు వింతగా ఉండేది. "ప్రోగ్రాం రాస్తే ఒక్క నిమిషంల అయిపాయె కదా అక్కా" అంటే, "అయితది. స్క్రీను మీద అన్నీ ఒక్క తీరే కొడ్తయి. కాయితం మీద తప్పు ఉబ్బి కనపడ్తది. ముందుగాల కండ్లతోని చూడు, ఆనెంక ప్రోగ్రాంతోని చూడు" అనేది.

ఆమె పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న గూడ్సు బండికి గార్డు. మా పనంతా ఆమె నోట్లో రైళ్ళ భాషలోకి మారిపోయేది. పెద్ద సర్వరు మీద మన లెక్క వంతు రాకపోతే "సిగ్నల్ ఇయ్యలే." ఇంకెవరిదో పెద్ద లెక్క ముందుకు దూరిపోతే "మనల్ని లూప్ లైన్ల పెట్టిన్రు, ఎక్స్‌ప్రెస్ పోతాంది." మధ్యలో ఆగిపోతే ఏమీ అనేది కాదు. సన్నగా పాడుకునేది. ఆదివారాలు చర్చి కాయిర్‌లో పాడే మనిషి. ఏ పాటో నాకు పట్టుబడేది కాదు. ఎందుకంటే ఆమె పాడేది అసలు వరస కాదు, దానికి తోడుగా కింద నడిచే రెండో గొంతు. నాలుగు నెలలయ్యాక ఒక క్రిస్మస్‌కు వాళ్ళ చర్చికి వెళ్ళి అందరూ కలిసి పాడుతుంటే విన్నప్పుడు, ఓహో, రోజూ నేను విన్న సగం దీనిదా అనిపించింది.

ఇక గొడవలు. క్యాంటీనులో టీలో నీళ్ళ గురించి, ఏసీ చలి గురించి, సెక్యూరిటీ అతను ఆడపిల్లల బ్యాగులే వెతకడం గురించి. మాటల గురించి మరీను. "డేటా క్లీన్ చేసిన" అని ఎవరన్నా అన్నారో అయిపోయినట్టే. "ఏం మురికి పట్టింది దానికి? మనకు సమజ్ కానిదాన్ని మురికి అనుడు నేర్చుకున్నం." ఒకసారి హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ ఆయన సూటు వేసుకుని వచ్చాడు. మేం రక్తం తీసుకున్న ములుగు అడవి ఊళ్ళ గురించి మాట్లాడుతూ, "చాలా ప్యూర్ పాపులేషన్ మేడం, రేర్ అసెట్" అన్నాడు. అక్క పెన్సిలు కింద పెట్టింది. "ప్యూర్ అనేటందుకు వాళ్ళు మనుషులా, నెయ్యా?" ఆ మీటింగు అక్కడే ముగిసింది.

నాతో మొదటి తగువు చేరిన మూడో వారంలో. ఒక ఊరి జనం డీఎన్ఏ పోలికలను బొమ్మగా గీశాను. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. దగ్గరి పోలికలున్నవాళ్ళు దగ్గరగా పడతారు, లేనివాళ్ళు దూరంగా. చుక్కలన్నీ ద్రాక్షగుత్తిలా ఒక్కచోట చేరి ముచ్చటగా వచ్చింది. రంగులు కూడా వేసి తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆమె రంగులు చూడలేదు. రిజిస్టరు తెరిచి, పెన్సిలుతో చుక్కలు లెక్కపెట్టింది.

"ఒకలు తక్కువున్నరు."

"ఒక చుక్క శాన దూరం పడ్డది అక్కా. బొమ్మ ఖరాబైతాంది. అవుట్‌లయర్ అని తీసేసిన."

"ఎవలు?"

"నంబర్ చూసి చెప్త..."

"నంబర్ అడగలే నేను. ఈ చుక్క ఎవలు?"

ఇద్దరం రిజిస్టరులో వెతికాం. ఆ ఊరి బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆవిడ. పుట్టిన ఊరు అన్న గడిలో గోదావరి అవతల, పక్క రాష్ట్రంలో ఏదో ఊరి పేరు. కోడలిగా వచ్చింది.

"చూసినవా? అది తప్పు కాదు, పెండ్లి" అంది అక్క. "పది రోజుల సంది ఒకామెను ఊళ్ళెకెంచి ఎల్లగొట్టి కూసున్నవ్. పో, తీస్కచ్చి కూసోపెట్టు."

ఆ రోజు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఇంత కంప్యూటరు చదువు చదివి వంటావిడ కోసం తిట్లు తినడమేమిటని. ఇప్పుడు నా కింద ఎవరన్నా చుక్క తీసేస్తే నేనూ అదే ప్రశ్న వేస్తాను. అంత గట్టిగా వేయలేను.

కంప్యూటరు వైపు వాళ్ళల్లో రక్తం తీసేటప్పుడు ఊళ్ళకు వెళ్ళింది అక్క ఒక్కతే. "నీ పని ఇక్కడ కదా" అని ప్రాజెక్టు నడిపే సార్ అంటే, "చదివేటిది ఏందో చూడకుండ చదవలేను సార్" అని జీపెక్కిందట. అక్కడ సంతకాలు పెట్టించుకునే ఫారం నాలుగు పేజీలుంటుంది. అక్క దాన్ని చదివేది కాదు, పక్కన పెట్టి చెప్పేది. "మీ రక్తంల ఏమున్నదో మాకు తెలిస్తే మీకు చెప్తం. తెలిసినంక మా దగ్గర దాసిపెట్టుకోం." ఆ ఊళ్ళలో సికిల్ సెల్ అనే జబ్బుంది. రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. కీళ్ళు పీకేస్తాయి, ఒంట్లో రక్తం నిలవదు. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే జబ్బు. ఎవరికుంది, ఎవరికి లేదు అని చెప్పి ఒక్కొక్కరికీ కార్డు ఇవ్వడం మా ప్రాజెక్టులో ఒక భాగం.

మా సార్ గురించి కూడా చెప్పాలి. చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, ల్యాబును తన రెండు చేతులతో నిలబెట్టినవాడు, అది పడిపోతుందేమోనన్న భయం ఎప్పుడూ వదలనివాడు. కార్డులు పంచే సభకు ఒక పెద్దమనిషి వస్తారని తేదీ ఖాయమైంది. అక్క రెండు వారాలు ఆగమంది, ఇంకోసారి సరిచూసే పని మిగిలిందని. సార్ తర్వాత చూద్దామన్నారు. అక్క గొడవ పడింది. ఓడిపోయింది. శామియానా కింద కార్డులు పంచారు, ఫొటోలు దిగారు.

నెలన్నర తర్వాత మా పరిశోధన పేపరు పత్రికకు పంపే ముందు అక్క ఆ మిగిలిన పని చేసింది. చాలా మామూలు పరీక్ష. రిజిస్టరులో మగ అని ఉన్న మనిషికి డీఎన్ఏలో వై క్రోమోజోము ఉండాలి. ఆడ అని ఉంటే ఉండకూడదు. అన్ని ఊళ్ళూ సరిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఊరి కాగితం మీద స్కేలు ఒక్కో వరసే దిగుతుంటే అక్క మొహం మారడం చూశాను.

"ఇటు రా. ఈ ఊళ్ళె సగం మంది మొగోళ్ళు ఆడోళ్ళైన్రు."

నేను నా కంప్యూటరులో ఆ ఊరి ఫైలు తెరిచాను. చూడగానే తెలిసిపోయింది. ఒక వరసలో పేర్లు, పక్క వరసలో వాళ్ళ రక్తం ఉన్న ట్యూబు నంబర్లు. పేర్లు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని నేను పేర్ల వరసను అక్షరక్రమంలో సర్దాను. పక్కనున్న నంబర్ల వరస దాంతోపాటు కదల్లేదు. అంతే. ఊరు ఊరంతా ఒకరి పేరు పక్కన ఇంకొకరి రక్తం. ఆ ఫైలు మీద నుంచే కార్డులు అచ్చయ్యాయి.

"అక్కా, నేనే. ఈ షీటు చేసింది నేనే."

కామా తప్పు పడితే పది నిమిషాలు తిట్టే మనిషి ఈసారి తిట్లు పక్కనపెట్టి, కుర్చీలోంచి కాళ్ళు దించి చెప్పులేసుకుంది. ఆమె చెప్పులు వేసుకుందంటే ఎక్కడికో తగువుకు పోతుందని మా అందరికీ తెలుసు.

సార్ అంతా విన్నారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టారు. "చూడమ్మా, అన్ని ఊళ్ళు కలిపిన లెక్కలో దీనివల్ల పెద్ద తేడా రాదు. ఆ ఊరిని తీసేసి పేపరు పంపిద్దాం. కార్డులు... కొన్ని నెలలాగి, కొత్త పరీక్షలు చేశాం అని కొత్త కార్డులు పంపిద్దాం. తప్పు అనే మాట ఎందుకు?"

"తప్పు కాబట్టి సార్."

"ఆ మాట ఒక్కసారి బయటికి పోతే ఇంకే ఊరోళ్ళూ మనకు చెయ్యి చాపరు. ల్యాబు మూతపడుతుంది. ఈ పిల్లలంతా ఎక్కడికి పోతారు?"

"మొత్తం లెక్కల తేడా రాదన్నరు. నిజమే" అంది అక్క. "మొత్తం లెక్కకు కీళ్ళు నొయ్యయి సార్. మనుషులకు నొస్తయి. ఎవలికి జబ్బున్నదో వాళ్ళకు లేదని కార్డిచ్చినం."

సార్ నా వైపు చూశారు. "ఆ షీటు ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచాను. అక్క నాకంటే ముందే, "మా టీమ్ సార్" అంది.

"టీమంటే?"

"టీమంటే నేను."

బయటికొచ్చాక మెట్ల మీద ఆమెను ఆపాను. నా తప్పు నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావని ఏడుస్తూ అరిచాను. ఆమె విసుక్కుంది. "నీ మీద పావురమై, ప్రేమతోని చెప్పలే. నీ పేరు చెప్తే వీళ్ళ పని సులువైతది. కొత్త పిల్ల తప్పు చేసింది, తీసేసినం అని చేతులు కడుక్కుంటరు. సరిచూసే పనిని ఆపిందెవలు? ఒక్క మనిషి చేసిన షీటు ఇంకో మనిషి చూడకుండ అచ్చుకు పోయిందేంది? అవి అడిగేటోళ్ళుండరిగ." రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగింది. "ఆఫీసోళ్ళకు నీ పేరెందుకు? వాళ్ళకు బలి కావాలె. ఊరోళ్ళకు చెప్పు. వాళ్ళకు జవాబు కావాలె. రేపు పోతానం."

సెలవు చీటీ మీద కారణం అన్నచోట ఆమె రాసింది నాకు గుర్తుంది: "ఇచ్చిన మాట సరిదిద్దుటకు." ఆ చీటీ మంజూరు కాలేదు. మేం వెళ్ళాం.

హన్మకొండలో బస్సెక్కి ములుగు, అక్కణ్ణుంచి జీపు, చివర రెండు మైళ్ళు నడక. ఆ ఊరి నర్సమ్మకు ముందే ఫోను చేస్తే బడి వరండాలో జనాన్ని పోగేసింది. అందరి చేతుల్లో మేమిచ్చిన కార్డులు. కొందరు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టుకుని తెచ్చారు. అక్క కూర్చోలేదు. నమస్కారం పెట్టి, దాచడం లేకుండా మొదటి మాటే అది చెప్పింది.

"మేము మీకిచ్చిన కార్డులు తప్పు. మీ రక్తం మంచిగనే తీసుకున్నం, మిషను మంచిగనే చదివింది. పేర్లు రాసుట్ల మేము తప్పు చేసినం. ఒకరి కార్డు ఇంకొకరికి పోయింది. ఏ కార్డునూ నమ్మకున్రి. మళ్ళ పరీక్ష చేసి, ఈసారి రెండు చోట్ల చూపించి, మీ ఇంటికే వచ్చి చెప్తం."

వెనక నుంచి ఒకామె లేచింది. పక్కన పొడుగ్గా, చురుగ్గా ఉన్న కూతురు. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది, జిల్లా టీముకు ఎంపికైంది. కార్డులో జబ్బు ఉందని పడ్డాక, పరిగెత్తితే ప్రాణానికి ప్రమాదమని టీములోంచి తీసేశారు.

"తప్పైందా?" అంది తల్లి. "తప్పైందని ఎంత అల్కగ చెప్తానవమ్మా. ఎవలు చేసిండ్రు ఆ తప్పు? మొకం సూపెట్టున్రి."

అక్క నా వైపు తిరగలేదు. నా పేరు చెప్పలేదు. ఎదురుచూసింది, అంతే. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉండి ఉంటే ఆమె జన్మలో నాతో మాట్లాడేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

"నేనే అమ్మా" అన్నాను. "పేర్లు సర్దింది నేను. నంబర్లు వాటితోపాటు కదల్లేదని చూసుకోలేదు."

ఆమె దగ్గరికొచ్చి నన్ను కిందికీ మీదికీ చూసింది. "నీకెన్నేండ్లు?"

"ఇరవై నాలుగు."

"నా బిడ్డకు పదారు. నెలన్నర సంది అన్నం ముందట కూసుంటది, తినది."

క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు. నాకు తిడితేనే బాగుండేదనిపించింది. ఆ పిల్ల మాత్రం అక్కను అడిగింది, "మేడం, అయితే నేను ఆడొచ్చా?"

"ఇప్పుడే చెప్పను బిడ్డా. మళ్ళ పరీక్ష రానీ. ఒక్కసారి తొందరపడి చెప్పినం, ఇంకోసారి చెప్పం" అంది అక్క. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూస్తూ కూడా అబద్ధపు ధైర్యం ఇవ్వలేదు.

నర్సమ్మ అందరికీ మళ్ళీ రక్తం తీసింది. ఊరికి తెలిసిపోయాక సార్ కాదనలేకపోయారు. సర్కారు దవాఖానలో ఒకసారి, మా దగ్గర ఒకసారి, విడివిడిగా పరీక్ష చేయించాం. ఈసారి పేర్లు అక్క చదివితే నేను రాశాను, నేను చదివితే ఆమె టిక్కు పెట్టింది. మూడో వారంలో మళ్ళీ వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. కబడ్డీ పిల్లకు ఏమీ లేదు. జబ్బున్నది ఒక ట్రాక్టరు నడిపే యువకుడికి. చిన్నప్పటి నుంచీ కీళ్ళ నొప్పులు. మా కార్డులో జబ్బు లేదని చూసి, దవాఖానలో ఇచ్చే గోలీలు మానేసి, నొప్పిని పళ్ళబిగువున పట్టి పనికి పోతున్నాడు. అక్క అతన్ని వరంగల్ తీసుకొచ్చి దవాఖానలో లైన్లో తనే నిలబడి చీటీ రాయించింది. డాక్టరు ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఏమయ్యేదో చెప్తుంటే నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

పిల్లకు ఏమీ లేదని చెప్పిన రోజు ఆ తల్లి ఇంకో మాట అడిగింది. "మరి నేను సమ్మక్కకు మొక్కిన. నా బిడ్డకు నయమైతే నిలువెత్తు బంగారం ఇస్తనని. రోగమే లేదంటిరి. ఇప్పుడు ఆ మొక్కు ఏం గావాలె?"

సమ్మక్క జాతర జరిగే మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. మనిషి ఎత్తు బెల్లం అంటే ఆ పిల్ల బరువు బెల్లం. అక్క క్షణం ఆలోచించి అంది, "మొక్కు మొక్కే కదమ్మా. బిడ్డ మంచిగున్నది. తీర్సు. మోసుడు మాది."

మాటవరసకు అన్నదనుకున్నాను. జాతర వచ్చినప్పుడు నన్ను తీసుకుని నిజంగానే వెళ్ళింది. ఆ జనంలో, ఆ దుమ్ములో, బెల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మవారి గద్దె దాకా తోసుకుంటూ నడిచింది. నాలుగు దఫాలుగా మోశాం. నా మెడ పట్టేసింది. ఆ తల్లి ఎదురొచ్చిన చుట్టాలందరికీ అక్కను చూపించి చెప్పింది, "గీమెనే. తప్పైందని చెప్పనీకి మా ఊరికచ్చిన ఆఫీసరమ్మ. పుట్టి బుద్దెరిగినంక అసొంటి ఆఫీసరును గిదే సూసుడు." అక్క ఆ పొగడ్తకు మొహం చిట్లించుకుంది.

ఆ ఫొటో ఎవరో పెడితే చర్చిలో పెద్దవాళ్ళు నిలదీశారట, నువ్వు జాతరకు పోయి మొక్కు చెల్లించడమేమిటని. "నేను మొక్కలే. మోసిన" అని చెప్పి, తన వరసలో వెళ్ళి కూర్చుని పాడిందట. ఈ సంగతి నాకు వాళ్ళమ్మ చెప్పింది, కొంచెం కోపంగా, కొంచెం గర్వంగా.

సంస్థ ఊరుకోలేదు. ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అనుమతి లేకుండా వెళ్ళడం, సంస్థ పరువు తీయడం. అక్క రెండు పేజీల జవాబు రాసింది. అందులో ఒక్కచోట కూడా క్షమించండి అని లేదు. కార్డులు అచ్చు కాకముందు ఏ పని మిగిలి ఉందో, దాన్ని ఏ తేదీన ఎవరు ఆపమన్నారో మాత్రం ఉంది. ఆ ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ప్రాజెక్టు అవసరాల దృష్ట్యా అని రాశారు. నాది పొడిగించారు. నేను రాజీనామా చేస్తానంటే అక్క కొట్టినంత పని చేసింది. "నువ్వు పోతే రేపు ఆ షీట్లు ఇంకోసారి చూసేదెవలు?"

పేపరులో ఆ ఊరి సంగతి ఉన్నదున్నట్టు రాయకపోతే తన పేరు తీసేయమంది. తీసేశారు. ఆ సంగతి లేకుండానే పేపరు వచ్చింది. అప్పుడు ఆమె ఆ పత్రిక వాళ్ళకు ఉత్తరం రాసింది, అన్ని కాగితాలూ జతచేసి, కింద తన పేరుతో సంతకం చేసి. నెలలు గడిచాయి. చివరికి ఆ పత్రికలో ఒక చిన్న సవరణ వచ్చింది. నాలుగు వాక్యాలు. వాటిలోనూ ఆమె పేరు లేదు. ఫోను చేసి చెప్తే, "నాలుగంటే శానెక్కువ, రెండనుకున్న" అని నవ్వింది.

తర్వాత ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. మొదటి క్లాసులో పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, ఇందులో ఒక తప్పుంది, కనిపెట్టేదాకా ఇంటికి పోవద్దు అనేదట. ఆ కాలేజీ ప్రిన్సిపాలుతో కూడా గొడవే.

జబ్బు వచ్చాక కాజీపేటలో వాళ్ళమ్మ దగ్గరికి వచ్చేసింది. చివరిసారి నేను వెళ్ళినప్పుడు తలకు స్కార్ఫు కట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సన్నబడిపోయింది. పరామర్శలు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది. "నా రిపోర్టులు నేను చదువుకున్న. నువ్వు చదివేటివి తెచ్చినవా?"

ఒక పెద్ద సంస్థలో శాస్త్రవేత్త ఉద్యోగానికి నేను పెట్టబోతున్న దరఖాస్తు తెచ్చాను. నాకు సొంతంగా పని మొదలుపెట్టే మొదటి అవకాశం. అక్క పెన్సిలు తీసుకుని చదివింది. "ఇప్పటిదాకా చేసిన ముఖ్యమైన పనులు" అన్నచోట ఆగింది.

"గీడ అది లేదేంది?"

"ఏది అక్కా?"

"ఆ ఊరు."

"ఉద్యోగం అడుక్కుంట నా తప్పు నేనే రాసుకోవాల్నా?"

"తప్పు చేసిన అని రాస్తే అది ఏడుపు. తప్పు తెలిసినంక ఏం చేసినవో రాయి. ఊరికి పోయి మొకం సూపెట్టినవ్. పేర్లు రెండుసార్లు సరిచూసే పద్ధతి పెట్టినవ్. ఆనెంక ఆ ల్యాబుల ఒక్క కార్డు తప్పు పోలే. గిది పని కాదా? నీ రంగుల బొమ్మలే పనా?"

"సదివినోళ్ళు నన్ను తీసుకోరక్కా."

"తీసుకోకుంటే తీసుకోకపోనీ. అసొంటి చోట చేరి ఏం చేస్తవ్? మళ్ళ దాసిపెట్టుడేనాయె."

అక్కడే మంచం పక్కన కూర్చుని ఆ పేరా రాశాను. ఆమె రెండు విశేషణాలు కొట్టేసింది. "దురదృష్టవశాత్తు" అన్న మాట కూడా కొట్టేసింది. "అదృష్టం ఏం చేసింది ఇందుల? చేసింది మనం." తర్వాత అలసిపోయి పడుకుంది. వస్తుంటే కళ్ళు తెరవకుండానే తేదీలు సరిచూసుకొమ్మంది. అదే చివరి మాట.

పోయిన వారం ఇంటర్వ్యూ అయింది. టేబులు అవతల ఐదుగురు. అంతా బాగానే సాగింది, చివరలో కూర్చున్నాయన ఆ పేరా మీద వేలు పెట్టేదాకా.

"మీ వల్ల ఒక ఊరికి తప్పుడు ఫలితాలు వెళ్ళాయని మీరే రాశారు. చాలామంది ఇలాంటివి రాయరు. మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలో చెప్పండి."

చెప్పాను. "మీ దగ్గర కూడా తప్పులు జరుగుతాయి సార్. నేను చేస్తే అది తెలిసిన రోజే వచ్చి మీకు చెప్తాను. మీకు చెప్పాక, ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళకూ చెప్తాను. మీరు వద్దన్నా చెప్తాను. ఇది మీకు ముందే తెలియాలని రాశాను."

వద్దన్నా అన్న మాట దగ్గర ఒకాయన పెన్ను మూత పెట్టేశారు. ఒకావిడ మాత్రం తలెత్తి నన్ను కాసేపు చూసింది.

నిన్న ఫలితం వచ్చింది. ఎంపిక కాలేదు. వచ్చే నెల ఇంకో సంస్థకు దరఖాస్తు పెట్టాలి. పొద్దున కూర్చుని పాత దరఖాస్తు తెరిచాను. సంస్థ పేరు మార్చాను, తేదీ మార్చాను. ఆ పేరా మొదటి పేజీకి జరిపాను.